గట్టిపడిన థ్రాటిల్ లివర్: నూనె డబ్బా పక్కన పెట్టి ముందు ఇది చూడండి

పులికాట్‌లో తిప్పడానికి సూళ్లూరుపేట దగ్గర ఒక పాత ఫైబర్ పడవ కొన్నారు. వెనక 40 హార్స్‌పవర్ టూ స్ట్రోక్ అవుట్‌బోర్డ్ ఇంజన్, సీటు పక్కన కంట్రోల్ బాక్సు. దాని లివర్ రెండు చేతులతో తోస్తే గానీ కదలడం లేదు. మెకానిక్ వచ్చి కేబుల్లో నూనె పోస్తే రెండు వారాలు మెత్తగా తిరిగి, మళ్లీ మొదటికొచ్చింది. ఇప్పుడేమో బాక్సు మొత్తం మార్చాలంటున్నాడు. "అన్నా, కొనేయమంటావా, ఆగమంటావా?" ఇదీ మీరడిగింది.

ఆగండి తమ్ముడూ. మీరు చెప్పిన లక్షణాలను బట్టి బాక్సు తప్పు కాకపోవచ్చు. నూనె పోసిన రెండు వారాలకే మళ్లీ బిగుసుకుందంటే నా వేలు ముందు కేబుల్ వైపే చూపిస్తుంది. అయినా ఊహ మీద డబ్బు పెట్టొద్దు. అరగంట పనితో తప్పెక్కడుందో మీరే పట్టుకోవచ్చు.

తిరుపతిలో పడవల మెకానిక్కేంటని నవ్వేవాళ్లు నవ్వుతారు. మా ఊళ్లో నీళ్ల మీద తేలేది తెప్పోత్సవంలో స్వామివారి తెప్ప ఒక్కటే కదా మరి. రేణిగుంట రోడ్డులో బైకులు, పంపుసెట్లు చేసుకుంటున్న నా దగ్గరికి తడ వైపు నుంచి ఒకాయన ఆటోలో ఇంజన్ వేసుకుని వచ్చాడు. అది బాగైంది. ఆయన ఇంకొకాయనకు చెప్పాడు. అలా మొదలైన పని ఇరవై ఏళ్లు దాటింది. అందులో ఎక్కువ పడవలు పులికాట్‌వే. ఉప్పునీళ్లు లోహాన్ని ఏం చేస్తాయో నాకు నేర్పింది ఆ సరస్సే.

మీ బాక్సులో ఉన్నది ఒకటే లివరైనా అది చేసే పనులు రెండు. నిలువుగా ఉన్నప్పుడు న్యూట్రల్. అక్కణ్నుంచి ముందుకు కొద్దిగా తోస్తే మొదట గేరు పడుతుంది. గేరు పడ్డాక ఇంకా తోస్తేనే రేసు పెరుగుతుంది. వెనక్కి లాగినా ఇదే వరస. బాక్సు లోపలి నుంచి ఇంజన్‌కు రెండు కేబుళ్లు పోతాయి, ఒకటి గేరుకు, ఒకటి థ్రాటిల్‌కు, అంటే రేసుకు. బయట నుంచి చూసేవాడికి లివర్ గట్టిగా ఉన్నట్టే కనిపిస్తుంది. ఏ కేబుల్ గట్టిగా ఉందో చెయ్యి చెప్పదు. కాబట్టి మొదటి ప్రశ్న "ఎంత గట్టిగా ఉంది" అన్నది కాదు, "ఎక్కడ గట్టిగా ఉంది" అన్నది. న్యూట్రల్ నుంచి కదిలే మొదటి కొంచెంలోనా? ఆ తర్వాత రేసిచ్చే భాగంలోనా? మొత్తం పొడవునా?

దీన్ని తేల్చడానికి బాక్సులోనే ఒక ఏర్పాటు ఉంటుంది. చాలా బాక్సుల్లో లివర్ మొదట్లో ఒక బటన్ ఉంటుంది. చల్లటి ఇంజన్‌ను స్టార్ట్ చేసేటప్పుడు గేరు పడకుండా రేసు మాత్రమే ఇవ్వడానికి పెట్టింది అది. ఇంకొన్ని పాత బాక్సుల్లో దానికి బదులు చిన్న లివర్ విడిగా ఉంటుంది. ఇంజన్ ఆపి, తాళం చెవి తీసి, జేబులో వేసుకోండి. లివర్‌ను న్యూట్రల్‌లో పెట్టి, బటన్ నొక్కి లేదా లాగి (బాక్సును బట్టి), ముందుకు తోయండి. ఇప్పుడు గేరు కేబుల్ కదలదు, థ్రాటిల్ ఒక్కటే కదులుతుంది. అప్పుడూ గట్టిగానే ఉంటే తప్పు థ్రాటిల్ వైపు. వెన్నలా జారిపోతే మీరింతకాలం తిట్టుకున్నది అమాయకురాలిని, దొంగ గేరు వైపు ఉంది.

ఇక్కడ చాలామంది పడే గుంట ఒకటుంది. ఇంజన్ ఆగి ఉన్నప్పుడు గేరు గట్టిగా ఉండటం రోగం కాదు. కింద గేర్ల పళ్లు ఒకదానికొకటి ఎదురుపడి నిలిచిపోతాయి. ప్రొపెల్లర్ కాస్త తిరిగితే గానీ అవి కలవవు. ఒడ్డున నిలబెట్టిన పడవలో కూర్చుని లివర్ తోసి "పట్టేసింది" అని కంగారుపడిన వాళ్లు నా దగ్గరకు బోలెడుమంది వచ్చారు. అలాంటప్పుడు ప్లగ్గుల క్యాపులు తీసేసి, కిల్ స్విచ్ తాడు (లాగితే ఇంజన్ ఆగిపోయేది) లాగేసి, ఇంకొకరిని ప్రొపెల్లర్‌ను చేత్తో మెల్లగా తిప్పమనండి. తిరుగుతూండగా లివర్ తోస్తే గేరు టక్కున పడుతుంది. అలా పడితే గేరు బాగున్నట్టే. తోసి తోసి బలవంతంగా వేస్తే మాత్రం ఎక్కడో ఒక పిన్ను విరుగుతుంది.

తప్పు థ్రాటిల్ వైపని తేలిందనుకుందాం. ఇప్పుడు దాన్ని మూడు ముక్కలుగా విడదీయాలి: బాక్సు, కేబుల్, ఇంజన్ మీది లివర్లు. ఇంజన్ పైమూత తీసి, థ్రాటిల్ కేబుల్ చివర ఇంజన్ ఆర్మ్‌కు తగులుకునే చోటు చూడండి. స్ప్లిట్ పిన్నో, క్లిప్పో ఉంటుంది. దాన్ని తీసే ముందు ఫోన్‌తో రెండు ఫొటోలు తీసుకోండి. వాషర్ ఏ పక్క ఉందో మర్చిపోయి తర్వాత మనం తలగోక్కోవడం మామూలే. కేబుల్ విడిపోయాక ఇంజన్ ఆర్మ్‌ను వేలితో తిప్పండి. స్ప్రింగు బలం తగలాలి, అంతే. వదిలితే తనంతట తాను స్లోయింగ్ దగ్గరికి, అంటే అన్నిటికంటే తక్కువ రేసుకు, వచ్చేయాలి. ఆ తర్వాత సీటు దగ్గరికొచ్చి లివర్ తోయండి. కేబుల్ అవతలి చివర గాల్లో ఉంది కాబట్టి ఇప్పుడు మీరు మోస్తున్నది బాక్సునూ కేబుల్‌నూ మాత్రమే.

ఇప్పుడు కూడా గట్టిగా ఉంటే బాక్సు విప్పి ఆ చివరా కేబుల్ ఊడదీయండి. రెండు కొసలూ స్వేచ్ఛగా ఉన్న కేబుల్‌ను బాక్సు వైపు కొస పట్టుకుని తోసి, లాగి చూడండి. మంచి కేబుల్ బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని తోస్తే పోతుంది. పిడికిలి బిగించాల్సొస్తే అది చచ్చిన కేబులే. మధ్యలో ఇసుక మీద బండి నడిచినట్టు గరగరమంటూ ఆగి ఆగి వస్తుంటే కూడా అంతే.

బాక్సు గురించి ముందే చెప్పేస్తాను, తొందరగా అయిపోతుంది. లివర్ మొదట్లోనో, బాక్సు పక్కనో ఒక బిగింపు స్క్రూ ఉంటుంది. పడవ అదురుకు థ్రాటిల్ తనంతట తాను వెనక్కి జారకుండా కాస్త పట్టు ఇవ్వడం దాని పని. దాన్ని ఎవరో ఎప్పుడో బిగించి ఉంటారు. పడవ చేతులు మారినప్పుడు ఆ సంగతి కొత్త ఓనరుకు ఎవరూ చెప్పరు. ఒకాయన కోట మండలం నుంచి బాక్సు, రెండు కేబుళ్లు కొత్తవి కొని సంచిలో వేసుకుని వచ్చాడు. స్క్రూ రెండు చుట్లు వదులు చేశాను. ఆయన లివర్ తోసి చూసి, సంచి వైపు చూసి, నా వైపు చూశాడు. నేను టీకి కూడా డబ్బులు తీసుకోలేదు. మీరూ ముందు ఆ స్క్రూ చూడండి. అది కాకపోతే, లోపలి పాత గ్రీజు లక్కలా గట్టిపడి ఉండొచ్చు. దాన్ని గీకి తీసి, గుడ్డతో తుడిచి, నీళ్లకు కరగని మెరైన్ గ్రీజు పల్చగా రాస్తే సరి. బాక్సు విప్పేటప్పుడు కింద ఒక పాత దుప్పటి పరవండి. లోపల చిన్న స్టీలు గుండ్లు, స్ప్రింగులు ఉంటాయి. పడవ అడుగున నీళ్లలో పడితే ఇక దొరకవు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం, కేబుల్‌కు. మీ మెకానిక్ పోసిన నూనె రెండు వారాలే ఎందుకు పనిచేసిందో ఇక్కడే అర్థమవుతుంది.

బైకు ఆక్సిలరేటర్ వైరును లాగడమే గానీ తోయడం ఉండదు. పడవ కేబుల్‌ను తోయాలి, లాగాలి. అందుకే దాని నిర్మాణం వేరు. మధ్యలో జారే ఉక్కు తీగ. దాని చుట్టూ నున్నటి ప్లాస్టిక్ గొట్టం. ఆ గొట్టం చుట్టూ, మెలిక పడకుండా, వరసగా పరిచిన సన్నటి ఉక్కు తీగల పొర. దాని మీద మనకు కనిపించే నల్లటి, లేదా ఎర్రటి తొడుగు. మీరు నూనె పోసేది లోపలి గొట్టంలోకి. తుప్పు పట్టేది చాలాసార్లు బయటి తీగల పొరకు. ఎండకో, రాపిడికో తొడుగు ఒకచోట చీలుతుంది. ఉప్పునీళ్లు ఆ చీలికలోంచి దిగి తీగల పొర వెంట పాకుతాయి. ఉక్కు తుప్పుగా మారితే ఉబ్బుతుంది. బయట తొడుగు ఉంది కాబట్టి ఆ ఉబ్బు లోపలికి తోసి ప్లాస్టిక్ గొట్టాన్ని నొక్కుతుంది. గొట్టం ఇరుకైపోతుంది. ఇరుకైన గొట్టంలో నూనె పోస్తే కొన్నాళ్లు జారుతుంది, కానీ తుప్పు ఆగదు కదా. రెండు వారాల తర్వాత ఇంకాస్త ఇరుకు. ఉంగరం బిగుసుకున్నది వేలు వాచినందుకైతే ఉంగరానికి సబ్బు ఎంత రాసినా వాపు తగ్గదు.

ఒకసారి ఇలాంటి కేబుల్‌ను పనివాళ్లకు చూపించడానికి కోశాను. బయట చూస్తే ఒక్కచోట, ట్రాన్సమ్ (ఇంజన్ తగిలించే పడవ వెనక పలక) దగ్గర, గోరంత చీలిక. తొడుగు చాకుతో నిలువుగా చీలిస్తే ఆ చీలికకు అటో జానెడు, ఇటో జానెడు ఇటుక రంగు పొడి రాలింది. వేలితో తడిమితే ఆ భాగం మిగతా కేబుల్ కంటే లావుగా తగిలింది. మీరు కూడా కోయనక్కర్లేకుండా ఈ పరీక్ష చేయొచ్చు. కేబుల్ పొడవునా చేత్తో తడుముతూ వెళ్లండి. ఉబ్బు, చీలిక, పైకి కారిన తుప్పు మరక, కరిగి అంటుకున్న చోటు, వీటిలో ఏది తగిలినా ఆ కేబుల్ మీద ఇక ఒక్క చుక్క నూనె కూడా దండగ. పైగా ఈ కేబుళ్లకు తయారీలోనే లోపల గ్రీజు వేసి మూసేస్తారు. మనం పోసే నూనెల్లో కొన్ని ఆ గొట్టాన్ని ఉబ్బిస్తాయి, కొన్ని దుమ్మును పట్టి ముద్ద చేస్తాయి. రేవుకు తిరిగి రావడానికి నూనె వాడుకోండి, తప్పు లేదు. దాన్ని రిపేరు అనొద్దు.

కేబుల్ మంచిదే అయినా వేసిన దారి చెడ్డదైతే గట్టిగానే ఉంటుంది. మామూలు రకం కేబుల్ వంపు 8 అంగుళాల వ్యాసార్థం కంటే చిన్నదిగా ఉండకూడదు. అంటే వంపును పూర్తి గుండ్రంగా ఊహించుకుంటే అడ్డంగా 16 అంగుళాలు రావాలి, మన ఇళ్లలో అన్నం తినే కంచం కంటే బాగా పెద్దది. ఎన్ని వంపులుంటే అంత రాపిడి. దీన్ని చూడటానికి ఇంజన్‌ను ఎడమకు చివరిదాకా తిప్పి లివర్ తోయండి. కుడికి తిప్పి తోయండి. ఇంజన్ పైకెత్తి తోయండి. ఒక పక్క మెత్తగా, ఇంకో పక్క గట్టిగా ఉంటే ఇంజన్ దగ్గర కేబుల్ లూపు నలుగుతోందన్నమాట. దాన్ని సర్దితే చాలు, కొనేదేమీ లేదు.

నా తప్పు ఒకటి చెబుతాను. భీమునివారిపాళెం వైపు ఒక పడవకు నేనే కొత్త కేబుల్ వేశాను. షెడ్డులో వెన్నలా ఉంది. నీళ్లలోకి దింపాక మళ్లీ గట్టిపడింది. రెండు రోజులు ఇంజన్‌ను అనుమానించి, కార్బురేటర్లు కూడా విప్పాను. చివరికి తేలిందేమంటే, బ్యాటరీ పెట్టె కాలు కేబుల్ మీద ఉంది. షెడ్డులో బ్యాటరీ లేదు. దాన్ని పెట్టగానే ఆ బరువంతా కేబుల్ మీద పడింది. అప్పటినుంచి బ్యాటరీ, పెట్రోలు ట్యాంకు, ఐస్ పెట్టె అన్నీ ఎక్కించాకే నేను లివర్ తోసి చూస్తాను.

ఇంజన్ వైపు సంగతి. కేబుల్ ఊడదీశాక కూడా ఆర్మ్ బరువుగా తిరిగితే తప్పు ఇక్కడే. మీలాంటి పాత టూ స్ట్రోక్ ఇంజన్లలో చాలావాటికి థ్రాటిల్ ఆర్మ్ కార్బురేటర్లను తెరవడమే కాదు, ఫ్లైవీల్ కింద ఉన్న, ప్లగ్గులకు స్పార్క్ ఇచ్చే మాగ్నెటో ప్లేటును కూడా తిప్పుతుంది. రేసు పెరిగే కొద్దీ స్పార్క్ ముందుగా పడాలి కాబట్టి ఆ ఏర్పాటు. ఆ ప్లేటు కింద బుష్‌లో గ్రీజు ఎండిపోతే కార్బురేటర్లు ఎంత శుభ్రంగా ఉన్నా లివర్ గట్టిగానే ఉంటుంది. కేబుల్ మార్చీ మార్చీ విసిగిపోయిన వాళ్లలో కొందరి రోగం ఇదే. కనుక్కోవడం తేలిక. ఆర్మ్ నుంచి ప్లేటుకు పోయే చిన్న కడ్డీని ఊడదీసి దేన్ని దానిగా తిప్పి చూడండి. ప్లేటే గట్టిగా ఉంటే ఫ్లైవీల్ తీయాలి. దానికి పుల్లర్, అంటే పట్టి లాగి ఊడదీసే పనిముట్టు, కావాలి. సుత్తితో కొట్టి తీసే ప్రయత్నం చేయొద్దు, అది మాత్రం తెలిసినవాడికే ఇవ్వండి.

కార్బురేటర్ వైపు బటర్‌ఫ్లై (గాలి దారిని తెరిచి మూసే రేకు) షాఫ్టు రెండు కొసల్లో తెల్లటి పొడి కనిపిస్తే అది ఉప్పు, అల్యూమినియం చిలుము. తుప్పు వదిలించే స్ప్రే కొట్టి, ఓ గంట ఆగి, మెల్లగా ముందుకూ వెనక్కూ ఆడించండి. ప్లాస్టిక్ బుష్‌ల మీద కార్బురేటర్ క్లీనర్ పడనివ్వకండి, ఉబ్బి ఇంకా పట్టేస్తాయి. ఇంకొకటి, నవ్వకండి: ఆరు నెలలు కప్పి పెట్టిన ఇంజన్ మూత తీస్తే థ్రాటిల్ ఆర్మ్‌కూ బ్లాకుకూ మధ్య కందిరీగ కట్టిన మట్టిగూడు కనిపించింది నాకొకసారి. "ఇంజన్ పట్టేసింది సామీ" అని తెచ్చారు దాన్ని. స్క్రూడ్రైవర్‌తో గూడు రాల్చడమే నేను చేసిన రిపేరు.

ఇదంతా ఇంత పట్టుబట్టి ఎందుకు చెబుతున్నానంటే, గట్టిగా ఉన్న లివర్ ఏదో ఒకరోజు సగం రేసులో ఆగిపోతుంది. నా కళ్లముందే అయింది. ట్రయల్‌కు వెళ్లి వస్తున్నాం, ఓనరు నడుపుతున్నాడు. రేవుకు ముప్పై గజాల దూరంలో రేసు తగ్గించబోతే లివర్ వెనక్కి రాలేదు. రెండు చేతులతో లాగాడు. ఆ గుంజుడుకు పడవ పక్కకు తిరిగి కట్టేసి ఉన్న వలల పడవను గుద్దింది. మనుషులకేమీ కాలేదు గానీ ఆ పడవ అంచు ఒక మూర మేర పగిలింది. కిల్ స్విచ్ తాడు ఆయన మోకాలి పక్కనే వేలాడుతోంది. లాగాలని ఆయనకూ తట్టలేదు, నాకూ తట్టలేదు. మీ పడవ బాగయ్యేదాకా ఆ తాడు మీ నడుముకో మణికట్టుకో ఉండాలి, ఎవరినీ ఎక్కించుకోవద్దు. లివర్ ఇరుక్కుంటే దానితో కుస్తీ పట్టకండి, తాడు లాగండి. పులికాట్‌లో చాలాచోట్ల నిలబడేంత లోతే. గెడ వేసుకుంటూ వచ్చేయొచ్చు.

కేబుల్ మార్చాల్సి వస్తే రెండూ మార్చండి. థ్రాటిల్ కేబుల్ వయసే గేరు కేబుల్‌ది కూడా, దానికి వేరే జాతకమేమీ లేదు. పాత తొడుగు మీద కంపెనీ నంబరు, పొడవు అచ్చువేసి ఉంటాయి. చాలావాటికి పొడవు అడుగుల్లో ఉంటుంది. అక్షరాలు చెరిగిపోతే పాత కేబుల్‌నే చుట్టుకుని షాపుకు వెళ్లండి. కొసలు ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటాయి, ఫోన్లో చెబితే తేడా వస్తుంది. తిరుపతిలో నాకెప్పుడూ దొరకలేదు. సూళ్లూరుపేట నుంచి మీకు చెన్నై దగ్గర కదా, కాశిమేడు హార్బర్ వైపు షాపుల్లో అడగండి. "రెండడుగులు ఎక్కువున్నా పరవాలేదు, చుట్టి పెట్టుకో" అని అంటగడతారు. తీసుకోవద్దు. ఆ చుట్టే మళ్లీ వంపు, మళ్లీ రాపిడి. పొట్టిది అసలే వద్దు, ఇంజన్ తిప్పినప్పుడు తనే రేసిచ్చేస్తుంది.

వేసేటప్పుడు పాత కేబుల్ కొసకు కొత్తదాన్ని టేపుతో చుట్టి, పాతదాన్ని మెల్లగా లాగితే కొత్తది అదే దారిలో వచ్చేస్తుంది. పాత దారే చెడ్డదైతే మాత్రం ఈ కిటుకు వాడొద్దు. బిగించాక సెట్టింగు: లివర్ న్యూట్రల్‌లో ఉన్నప్పుడు ఇంజన్ ఆర్మ్ స్లోయింగ్ స్క్రూకు ఆనుకుని ఉండాలి. కేబుల్ కొస రంధ్రం పిన్ను మీద లాగకుండా, నొక్కకుండా కూర్చోవాలి. తేడా ఉంటే కేబుల్ మీది మరను తిప్పి సర్దండి. తర్వాత పూర్తి రేసుకు తోసినప్పుడు ఆర్మ్ అవతలి ఆపు దగ్గరికి చేరుతోందో లేదో చూడండి. చేరకపోతే పడవకు పూర్తి వేగం రాదు. చేరాక కూడా లివర్ ఇంకా తోయగలుగుతుంటే ఆ బలమంతా కేబుల్‌ను వంచుతుంది. కొత్త స్ప్లిట్ పిన్ను వేయండి, పాతది నిటారు చేసి మళ్లీ వేయడం మన అలవాటే గానీ ఇక్కడ వద్దు.

నీళ్లలో దిగొచ్చిన ప్రతిసారీ కేబుల్ కొసల మీద మంచినీళ్లు పోసి తుడవండి. నెలకోసారి బయటకు కనిపించే స్టీలు కడ్డీ మీద కాస్త మెరైన్ గ్రీజు రాయండి, కొస దగ్గరి రబ్బరు మూత చిరిగిందేమో చూడండి. అంతకుమించి కేబుల్‌కు సేవ అక్కర్లేదు.

రేపు పొద్దున బిగింపు స్క్రూ చూసి, బటన్ పరీక్ష చేసి, కేబుల్ ఇంజన్ దగ్గర ఊడదీసి మూడింటిలో ఏది గట్టిగా ఉందో నాకు రాయండి. ఇంజన్ మూత తీశాక ఎడమ పక్క నుంచి ఒక ఫొటో, కేబుల్ మీది నంబరుది ఇంకో ఫొటో పెట్టండి. అప్పటిదాకా ఆ బాక్సుకు అడ్వాన్సు ఇవ్వొద్దు.